మూడు మట్టుల సీసా

పోయిన నెల కొర్లగుంట పెద్దాయన ఒకరు పంపిన ప్రశ్నని చోటు చాల్లేదని పక్కన పెట్టి, "సీసా సంగతి వచ్చే నెల" అని ఒక్క లైను వేసినా. ఆ ఒక్క లైనుకే ఇన్ని ఉత్తరాలు, మెసేజీలు వస్తాయని అనుకోలా. మామిడికి తేనెమంచు పురుగు మీద రెండు పేజీలు రాస్తే ముగ్గురు పలికినారు, వైను అనేసరికి పీలేరు నుంచి సత్యవేడు దాకా అందరికీ డౌట్లే! సరే, ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తా ఉండా.

ప్రశ్న: సార్, మా అల్లుడు ఫ్రాన్స్‌లో లియోన్ ఊర్లో పనిచేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక రెడ్ వైన్ బాటిల్ తెచ్చి నా చేతిలో పెట్టినాడు. లేబుల్ మీద ఎర్మితాజ్ అని, షపూతియే అని ఉందంట, అది వాడే చదివి చెప్పినాడు. చేత్తో తడిమితే లేబుల్ మీద చిన్న చిన్న బుడిపెలు తగులుతా ఉండాయి, ప్రింటింగ్ తప్పా లేకపోతే నకిలీ సరుకా? పైగా "ఇది బయోడైనమిక్ మామా, మూడు రకాల నేలల్లో పండిన ద్రాక్ష కలిపి చేసింది" అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలా, అల్లుడ్ని మళ్ళీ అడిగితే బాగుండదని మీకు రాస్తా ఉండా. — రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: ముందు బుడిపెల సంగతి చెప్పేస్తా, ఎందుకంటే ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చింది అదే. అవి తప్పు కాదు సార్, బ్రెయిలీ లిపి. ఎర్మితాజ్ అంటే ఆ ద్రాక్ష పండే కొండ పేరు, షపూతియే అంటే వైను చేసే కంపెనీ పేరు. ఆ కంపెనీ వాళ్ళు 1996 నుంచి లేబుళ్ళ మీద బ్రెయిలీ వేస్తా ఉండారు. మీ సీసా మీద ఎర్మితాజ్ కింద "మోనియే ద లా సిజెరాన్" అని ఇంకో పేరు కూడా ఉండాలి, ఒకసారి చూడండి. అది ఒక కుటుంబం పేరు, ఆ ద్రాక్షతోట ఒకప్పుడు వాళ్ళదే. ఆ ఇంట్లో మోరిస్ అనే ఆయనకి చిన్నప్పుడే చూపు పోయింది, పెద్దయినాక ఫ్రెంచి బ్రెయిలీని త్వరగా రాసుకునేటట్టు కుదించే పద్ధతి తయారుచేసినాడు, 1889లో చూపులేనివాళ్ళ కోసం ఒక సంఘం కూడా పెట్టినాడు. ఆయన గుర్తుగా మొదలైంది ఆ బ్రెయిలీ. నకిలీ ఏమో అని మీరు చేత్తో తడిమినారు చూడండి, దాన్ని చదవాల్సిన పద్ధతి అదే!

ఇంక బయోడైనమిక్. రుడాల్ఫ్ స్టైనర్ అని ఆస్ట్రియా తత్వవేత్త ఒకాయన 1924లో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న ఒక పల్లెలో, రైతులకి 8 ప్రసంగాలు ఇచ్చినాడు. పొలం అంటే ఒక ప్రాణి లాంటిది, పశువులు, పేడ, పైరు, మనిషి అన్నీ ఒకదాని మీద ఒకటి బతకాలి, బయటనుంచి మూటలు కొని తెచ్చి పోయకూడదు అనేది దాని సారం. దాంతోపాటు కొన్ని విచిత్రమైన మందులు కూడా చెప్పినాడు, అవి కింద వస్తాయి. తమాషా ఏందంటే ఆ స్టైనర్ మద్యం ముట్టేవాడు కాదు, ఆధ్యాత్మిక సాధనకి అది అడ్డం అని చెప్పినవాడు. ఇయ్యాళ ఆయన పేరు జాస్తిగా వినపడేది వైను తోటల్లోనే. షపూతియే వాళ్ళు 1990 దశకం మొదట్లో ఈ దారి పట్టినారు.

ప్రశ్న: అన్నా, మాకు 3 ఎకరాల మామిడి, ఒక ఎకరా టమాటా. నాలుగేళ్ళుగా జీవామృతం పోస్తా ఉండా. ఆవు కొమ్ములో పేడ పెట్టి పూడ్చిపెడతారంట కదా ఈ వైను తోటల్లో, వీడియోలో చూసినా. మనదాన్నే వాళ్ళు కాపీ కొట్టినారా? — రైతు, గుడిపాల, చిత్తూరు జిల్లా

జవాబు: కాపీ కాదు తమ్ముడూ, రెండూ వేరే వేరే చోట్ల పుట్టినాయి. కానీ చూడ్డానికి అన్నదమ్ముల మాదిరే ఉంటాయి, ఇద్దరికీ తల్లి ఆవే కాబట్టి.

నువ్వు జీవామృతం ఎట్లా చేస్తావు? 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి నీళ్ళు పోసి, రెండు రోజులు పులవబెట్టి ఎకరాకి వదుల్తావు. అంటే సూక్ష్మజీవులకి మేత పెట్టి పెంచి భూమిలోకి దించుతా ఉండావు. వాళ్ళది ఎట్లాగంటే, ఈనిన ఆవు కొమ్ము తీసుకుని దాంట్లో పచ్చి పేడ కూరి చలికాలం మొదట్లో భూమిలో పూడ్చి ఆరు నెలల తర్వాత తీస్తారు. అప్పటికి అది పేడ వాసన లేకుండా నల్లగా, మెత్తగా, తడి మట్టి మాదిరి అయిపోతుంది. దాని పేరు 500. ఎకరాకి పాతిక ముప్పై గ్రాములే, నీళ్ళు 13, 15 లీటర్లు. బకెట్లో ఒక పక్కకి గిర్రున సుడి లేచేదాకా కలిపి, టక్కున ఎదురు పక్కకి తిప్పి కలిపి, మళ్ళీ ఇటు, ఇట్లా గంటసేపు. కనుమకి కొమ్ములకి రంగులేసి పలకలు కట్టే రంగంపేట వాళ్ళకి చెప్తే కొమ్ముకి ఇంకో ఉద్యోగం కూడా ఉందా అని ఆశ్చర్యపోతారు.

పనిచేస్తుందా అంటావు, అంతే కదా. కాలిఫోర్నియాలో ఒక మెర్లో ద్రాక్షతోటని 1996 నుంచి రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో మామూలు సేంద్రియం, ఇంకోదాంట్లో సేంద్రియంతో పాటు ఈ కొమ్ము మందులు వాడి చూసినారు. ఆరేళ్ళ తర్వాత కూడా మట్టిలో తేడా ఏమీ దొరకలా, కాయలో మాత్రం ఒక ఏడాది ఏదో చిన్న తేడా కనపడింది. 2005లో అచ్చేసినారు దాన్ని. అంటే కంపోస్టు, పచ్చిరొట్ట, పశువులు, రసాయనాలు మానడం, వీటివల్లే జాస్తి మేలు జరుగుతుందని, కొమ్ము వాటా తేలలేదని నాకు అర్థమైంది. ఇంకో లాభం ఉండాది, అది పరిశోధనలో రాదు: గంటసేపు బకెట్ కలిపి ఎకరమంతా చల్లేవాడు ప్రతి చెట్టూ చూస్తాడు. ఆకు వెనక పురుగు పడితే ఆ రోజే తెలుస్తుంది. మా నాయన పాకాల తావ మామిడితోటలో పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని ఒక చుట్టు తిరిగొచ్చేవాడు, పనేమీ చేసేవాడు కాదు, చూసేవాడు, అంతే. ఆయన పోయినాక నెలకొకసారి వెళ్ళే నాకు ఆ కాపు ఏనాడూ రాలా.

ప్రశ్న: ఈ బయోడైనమిక్ వాళ్ళు కూడా పంచాంగం చూసి పని చేస్తారట, నిజమేనా? — పురోహితులు, శ్రీకాళహస్తి

జవాబు: నిజమేనండి. మారియా థున్ అనే జర్మనీ ఆవిడ తయారుచేసిన క్యాలెండరు ఒకటి ఉంది. చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో చూసి వేరు రోజు, ఆకు రోజు, పువ్వు రోజు, పండు రోజు అని విడగొడతారు. మేషం, సింహం, ధనుస్సు వస్తే పండు రోజు, ద్రాక్ష పనులకి మంచిదంట. వైను రుచి చూడ్డానికి కూడా పండు రోజే మంచిదని కొందరు పట్టుబడతారు. దాన్నీ పరీక్ష పెట్టినారు లెండి, న్యూజీలాండ్‌లో 19 మంది వైను నిపుణులకి 12 రకాల పినో నువార్ వైన్లు ఏ రోజో చెప్పకుండా పండు రోజొకసారి వేరు రోజొకసారి పోసి చూస్తే తేడా ఏమీ తేలలా, 2017లో వచ్చింది ఆ పేపరు. రోహిణి కార్తె, మృగశిర కార్తె మాత్రం వానల లెక్క, అది వేరే సంగతి, దాన్ని దీంతో కలపొద్దు.

ప్రశ్న: సార్, మాది బెల్లం వండే ఇల్లు, మూడు తరాలుగా గానుగ ఉంది. మూడు నేలల ద్రాక్ష కలపడం గొప్ప అంటున్నారు, మా దగ్గర రెండు మళ్ళ చెరుకు కలిపి వండితే కల్తీ అంటారు వ్యాపారులు. ఇంకోటి, చవుడు నేల చెరుకుతో చేసిన బెల్లం ఉప్పగా ఉంటుంది, ఎర్ర నేలది తియ్యగా గట్టిగా ఉంటుంది, అంటే నేల రుచి సరుకులోకి వస్తుందనే కదా? — తవణంపల్లె, చిత్తూరు జిల్లా

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో ఇదే మేలు ఉత్తరం. రెండు రోజులు ఆలోచించినా దీని మీద.

మీరు చెప్పింది అక్షరాలా నిజం. చవుడు నేలలో సోడియం, క్లోరైడు లాంటి ఉప్పులు నీళ్ళలో కరిగిపోయి ఉంటాయి, వేరు నీళ్ళతో పాటు వాటిని కూడా తాగేస్తుంది, రసంలోకి వస్తాయి, మీరు పెనంలో నీళ్ళు ఇంకించేసరికి ఆ ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. ద్రాక్షకీ అంతే, ఆస్ట్రేలియాలో ఉప్పు నీళ్ళు పారే తోటల్లో వైను ఉప్పగా వస్తుంది. కానీ వైను గురించి రాసేవాళ్ళు "గ్రానైటు రుచి", "సున్నపురాయి రుచి" అని రాస్తారు చూడండి, అక్కడ నాకు కుదరదు. గ్రానైటు ఉప్పు మాదిరి కరగదు కదా. మీ ఇంటి ముందర గ్రానైటు బండని నాకి చూడండి, రుచి ఏముంటుంది? రాయి రుచి వేరు గుండా ఎక్కి కాయలోకి పోదని భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్ళే చెప్తా ఉండారు.

మరి నేల చేసేది ఏంది అంటే, నీళ్ళు ఎంతసేపు పట్టి ఉంచుతుంది, ఎండకి ఎంత వేడెక్కుతుంది, వేరు ఎంత లోతుకి పోనిస్తుంది, ఇవీ. మీ ఎర్ర గరప నేల చెరుకు ఎందుకు తియ్యన? నీళ్ళు నిలవవు, చెరుకు రొంత కష్టపడుతుంది, గడ నీరు పట్టదు. అదే లెక్క ద్రాక్షకి.

ఇప్పుడు ఆ ఎర్మితాజ్ కొండ చూద్దాం. రోన్ నది ఒడ్డున దక్షిణం వైపు తిరిగిన ఒక్క కొండ, మొత్తం కలిపి సుమారు 136 హెక్టార్లు, అంటే 340 ఎకరాలు కూడా లేదు. ఆ కాస్త కొండలో పడమటి పక్క బెస్సార్ అనే చోట గ్రానైటు, మధ్యలో మేయాల్ అనే చోట నది ఎప్పుడో తెచ్చి పోసిన గుండ్రాళ్ళు, కింద గ్రెఫియూ అనే చోట ఒండ్రు, బంకమట్టి. మనకి ఇది కొత్తేమీ కాదండి, తిరుమల ఘాట్ రోడ్డులో బండ మారే చోట బోర్డు పెట్టి ఉంటారు, కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు, రెండిటికీ మధ్య 80 కోట్ల ఏళ్ళ గ్యాపు, జాతీయ భూగర్భ స్మారకం అది. బస్సులో గోవిందా అంటూ దాటేస్తాం, ఎవ్వరం చూడం.

మూడు చోట్లా ఉండేది ఒకే ద్రాక్ష, దాని పేరు సిరా. పేరుకి తగ్గట్టే రంగు కూడా పెన్నులో పోసే సిరా మాదిరే ఉంటుంది, మన భాషకి కలిసొచ్చింది. గ్రానైటు మీద పండింది వగరు, బిగువు జాస్తి, నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేస్తుంది చూడండి, ఆ వగరు. గుండ్రాళ్ళు పగలు ఎండ తాగి రాత్రి వెచ్చగా ఉంటాయి, అక్కడిది బాగా మాగి నిండుగా వస్తుంది. బంకమట్టి నీళ్ళు పట్టి ఉంచుతుంది, అక్కడిది మెత్తగా ముందే తాగడానికి బాగుంటుంది. మూడు చోట్లా ఒకే రోజు పండవు, వేరే వేరే రోజుల్లో కోసి, వేరే వేరేగా పులవబెట్టి, వేరే వేరేగా నిలవ ఉంచి, ఆ తర్వాత కూర్చుని గ్లాసుల్లో ఇంత అంత కలిపి రుచి చూసి, ఈ ఏడాది దీనిది ఎంత దానిది ఎంత అని తేలుస్తారు. ఎండ మండిన ఏడాది ఒక లెక్క, వాన పడిన ఏడాది ఇంకో లెక్క.

కల్తీకి దీనికి తేడా అక్కడే ఉండాది. కాఫీ పొడి కొట్టుకి పోయి మీరు "పీబెర్రీ సగం, ప్లాంటేషన్ సగం, చికోరీ వందకి ఇరవై" అంటారు, వాడు మీ కళ్ళ ముందే తూచి కలిపి పొట్లం కట్టి ఇస్తాడు, దాన్ని కల్తీ అంటామా? చెప్పకుండా చికోరీ నలభై వేస్తే అది కల్తీ. మీ చవుడు మడి చెరుకుని ఎర్ర మడి దాంట్లో దాచి వండితే వ్యాపారి తిట్టడం న్యాయమే. రెండు మంచి మళ్ళ రసం, ఒకదాంట్లో రంగు, ఇంకోదాంట్లో గట్టితనం ఉందని చెప్పి కలిపితే అది పనితనం.

ఈమధ్య ఒకే మడి ద్రాక్ష విడిగా సీసాకెక్కించి పెద్ద రేటుకి అమ్మడం ఫ్యాషను, ఆ షపూతియే వాళ్ళే అట్లా కూడా చేస్తారు. ఆ కొండ మీద పాత అలవాటు మాత్రం కలపడమే. నా ఓటు కలిపినదానికే. ఒకసారి బెంగుళూరులో ఫ్రెండ్ ఇంట్లో ఇదే ఎర్మితాజ్ ఇంత పోసిచ్చినాడు. మొదట నల్ల పండ్ల వాసన, మింగినాక మిరియాలు. నిజంగా మిరియాలే, చారు పోపు పెట్టినప్పుడు వంటింట్లోంచి వచ్చేదే. ఊరికే పోలిక కాదు, మిరియాల్లో ఆ ఘాటు వాసన ఇచ్చే రోటండోన్ అనే పదార్థమే సిరా ద్రాక్ష తొక్కలో కూడా ఉందని ఆస్ట్రేలియా వాళ్ళు 2008లో కనిపెట్టినారు. ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదంట. మా ఫ్రెండ్ భార్య "మిరియాలు యాడ?" అని మూడుసార్లు వాసన చూసింది, ఆమె ఆ ఐదో మనిషి.

ప్రశ్న: సార్, నేను అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్నా. బయోడైనమిక్ అంటే అసలు ఏ మందూ కొట్టరా? మన దగ్గర ఇది చేయొచ్చా? — తిరుపతి

జవాబు: కొడతారు నాయనా. నీకు బాగా తెలిసిన మందే, మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్ళు 100 లీటర్లు. బోర్డో మిశ్రమం అని పరీక్షలో రాస్తావే, ఆ బోర్డో అంటే ఫ్రాన్స్‌లో వైను ఊరు. దారిన పోయేవాళ్ళు ద్రాక్ష తెంపకుండా ఉండాలని తోట అంచు చెట్లకి అక్కడి రైతులు ఆ నీలం నీళ్ళు పూసేవాళ్ళు, పూసిన చెట్లకి బూజు తెగులు రాకపోవడం మిల్లర్డే అనే ప్రొఫెసర్ గమనించి 1885లో బయటపెట్టినాడు. దొంగల మందు తెగులు మందైపోయింది. సేంద్రియంలోనూ బయోడైనమిక్‌లోనూ దాన్ని ఒప్పుకుంటారు, కానీ మైలుతుత్తంలో ఉండే రాగి మట్టిలో పేరుకుంటుంది, వానపాములకి మంచిది కాదు, అందుకే యూరప్‌లో హెక్టారుకి ఏడేళ్ళకి 28 కిలోల రాగి మించకూడదని రూలు పెట్టినారు. మందు లేని తోట అని లేబుల్ చూసి మురిసిపోయేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మన దగ్గర సంగతి అడిగినావు. ద్రాక్షకి చలికాలం నిద్ర కావాలి, మన ఎండకి అది నిద్రపోదు, అందుకే నందికొండల పక్క వైను తోటల్లో ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్కసారి కాపు తీస్తారు. స్టైనర్ లెక్కలన్నీ మంచు పడే దేశానివి, అవి ఇక్కడికి ఉన్నదున్నట్టు దించితే కుదరవు. ఇప్పటికి జీవామృతం మీద నాలుగు లెక్కలు పక్కాగా తీసి చూపించు, అది ముందు.

ప్రశ్న: అన్నా, మేము శాకాహారులం. వైను ద్రాక్షరసమే కదా, తప్పేముంది అంటాడు మా తమ్ముడు. — గృహిణి, పుత్తూరు

జవాబు: అమ్మా, సీసాలో ఉండేది ద్రాక్షే. కానీ ఈ పద్ధతిలో పొలానికి వాడే మందుల్లో ఒకదానికి జింక మూత్రాశయం, ఇంకోదానికి ఆవు పేగు, మరోదానికి పశువు పుర్రె కావాలి, వాటిలో పువ్వులో చెట్టు బెరడో పెట్టి పూడుస్తారు. అవి కంపోస్టు కుప్పలోకి చిటికెడు చిటికెడు పోతాయి, సీసాలోకి రావు. అదిగాక చాలా రెడ్ వైన్లలో వగరు తగ్గించి తేటపరచడానికి గుడ్డు తెల్లసొన వేసి తీసేస్తారు. మీ పట్టింపు ఎంతో మీరే చూసుకోండి, తమ్ముడి మాట మాత్రం నమ్మొద్దు.

ప్రశ్న: రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ గుండెకి మంచిదంట, మా ఆయన అదే పాట. — నగరి

జవాబు: పాట పాతది. మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి హాని లేదనే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. బయోడైనమిక్ అయినా దాంట్లో ఆల్కహాలు 13, 14 శాతం ఉంటుంది, కొమ్ము పూడ్చినంత మాత్రాన తగ్గదు. ఆయనకి గుండె గురించి అంత దిగులుంటే పొద్దున్నే అలిపిరి మెట్లు ఎక్కమనండి, డాక్టరుకి చూపించుకున్నాకే లెండి.

ప్రశ్న: సార్, మళ్ళీ నేనే, కొర్లగుంట. సీసా ఇంకా తెరవలా, బీరువా మీద పెట్టినా. ఎప్పుడు, ఎట్లా తెరవాలి? అల్లుడు వచ్చే నెల వస్తాడు, వచ్చిన మర్నాడే కొండకి పోతాం.

జవాబు: ముందు బీరువా మీదనుంచి దించండి సార్! నేను ఒక సీసాని మే నెలలో ఫ్రిజ్ మీద పెట్టి ఊరికి పోయినా, తిరిగొచ్చి చూస్తే బిరడా పైకి తోసుకొచ్చి పక్కన కారి ఉండాది, రుచి చూస్తే ఉడకబెట్టిన రేగుపండ్ల నీళ్ళు. మన ఎండకి పైకప్పు కింద వేడంతా అక్కడే చేరుతుంది. మంచం కింద, గోడ పక్కన, చీకట్లో, పడుకోబెట్టి పెట్టండి, బిరడా ఎండిపోకూడదు. రూం టెంపరేచర్లో తాగాలి అంటారే, ఆ రూం ఫ్రాన్స్ రూం, 16 నుంచి 18 డిగ్రీలు, కొర్లగుంటలో మిద్దె మీద గది కాదు. తెరవబోయే ముందు గంట, గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టండి. మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లోనే ఉంచండి, మూడు రోజులు బాగుంటుంది. ఎర్మితాజ్ నిలవుండే సరుకు, ఈ నెలే తెరవాలనేమీ లేదు.

కొండ సంగతి మాత్రం జాగ్రత్త. అల్లుడు ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు ఇంకో సీసా తెచ్చి కారు డిక్కీలోనే మర్చిపోతాడేమో, బయల్దేరే ముందు మీరే ఒకసారి తెరిచి చూడండి. మందు, మాంసం, సిగరెట్లు కొండ మీదకి పోనీరు, అలిపిరి దగ్గర సామాను మొత్తం దించి చెక్ చేస్తారు, అక్కడ నిలబడి ఇది మూడు నేలల ద్రాక్ష, బయోడైనమిక్ అని చెప్తే వినేవాళ్ళు ఎవరూ ఉండరు.